కోబాయా గానం

1975 జూన్ మొదటి వారంలో పారిస్ నగరంలోని ‘తావెర్న్ ద లోలింపియా’ అనే వేదికపై ‘మాగ్మా’ అనే ఫ్రెంచి సంగీతబృందం వరుసగా కొన్ని రాత్రులు కచేరీ చేసింది. ఆ రాత్రులు వినిపించిన పాటలు శ్రోతల మాతృభాషలో లేవు, ఇంగ్లీషులోనూ లేవు. భూమి మీద ఏ జాతీ మాట్లాడని భాషలో ఉన్నాయి. ఆ కచేరీలను ధ్వనిముద్రణ చేసి, అదే సంవత్సరం రెండు ఎల్పీ రికార్డుల సంపుటిగా వెలువరించారు. ‘లైవ్’ అని దానికి పేరు. అందులోని ఒక పాట పేరును బట్టి ‘హ్హాయ్’ అని కూడా రసికులు దానిని వ్యవహరిస్తారు.

బృందనాయకుడు క్రిస్టియాన్ వాన్డర్ డ్రమ్స్ వాద్యకారుడు. అమెరికన్ జాజ్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ అతనికి ఆరాధ్యదైవం. 1967 జులైలో కోల్ట్రేన్ నలభై ఏళ్ల వయసులో మరణించేనాటికి వాన్డర్ పంతొమ్మిదేళ్ల యువకుడు. ఆ దుఃఖం అతణ్ణి ఇల్లు విడిచి ఇటలీలో తిరిగేటట్లు చేసింది. 1969లో పారిస్‌కు తిరిగివచ్చి మాగ్మాను స్థాపించాడు. భూమి మీది జీవితంతో విసిగిన కొందరు మానవులు కోబాయా అనే గ్రహానికి తరలిపోయిన కథను 1970 నాటి మొదటి ఆల్బంలో చెప్పాడు. ఆ గ్రహవాసుల భాషనూ తానే కల్పించాడు.

తన భావావేశాన్ని మోయగల శక్తి ఫ్రెంచి భాషకు చాలదని వాన్డర్ అభిప్రాయం. మృదుత్వానికి పేరుపొందిన భాషను కాదని, జర్మన్, స్లావ్ భాషల నాదాన్ని తలపించే పరుషాక్షరాలను, బరువైన ద్విత్వాలను అతడు ఏరుకొన్నాడు. వాగర్థాలు విడదీయరానివని కాళిదాసు పార్వతీపరమేశ్వరులతో పోల్చి చెప్పాడు. ఆ మాటను నమ్మినవారికి అర్థం అందని వాక్కుతో గంటసేపు పాడటం అపచారంగా తోచవచ్చు. అయితే మన తిల్లానాలోని జతులకు నిఘంటువు ఎక్కడున్నది? ఆలాపనలోని అకారానికి ప్రతిపదార్థం ఎవరు చెప్పారు? తేడా ఒక్కటే. తిల్లానాలో అర్థం లేదని అందరికీ తెలుసు. కోబాయా పాటలో అర్థం ఉన్నదని, అది తనకు అందడం లేదని శ్రోతకు అనిపిస్తూనే ఉంటుంది. ఆ వెలితే అతణ్ణి చెవి ఒగ్గి కూర్చోబెడుతుంది.

మాగ్మా స్టూడియో ఆల్బములు పకడ్బందీగా నిర్మించినవి. ముఖ్యంగా 1973లో వచ్చిన ‘మెకానిక్ దెస్త్రుక్తివ్ కొమ్మాందో’ బూరవాద్యాలతో, బృందగళాలతో సైన్యం కదిలినట్లు సాగుతుంది. 1975 నాటికి బృందం మారింది. బూరవాద్యాలు లేవు. బేస్ గిటార్ వాయించిన జానిక్ టాప్ స్థానంలో బెర్నార్ పాగనోత్తి వచ్చాడు. రెండు కీబోర్డులు, ఒక గిటారు, క్లౌస్ బ్లాస్కీజ్, స్టెల్లా వాన్డర్‌ల గళాలు, ఒక వయొలిన్ మిగిలాయి. ఇంత స్వల్ప పరికరంతో అంతటి రచనను నిలబెట్టడం తేలిక కాదు. తీరికగా దిద్దుకొని రాసిన కావ్యానికీ, పృచ్ఛకుల ఎదుట చెప్పే అవధాన పద్యానికీ ఉన్న అంతరమే స్టూడియోకూ కచేరీకీ ఉంటుంది. దిద్దుబాటుకు తావు లేదు.

సంపుటిలో సగభాగాన్ని ‘కోన్‌తార్క్’ ఒక్కటే ఆక్రమించింది. ఒక ప్రాచీన ఈజిప్టు సమాధిలోకి దిగిన వ్యక్తికి కలిగిన దర్శనం దాని ఇతివృత్తం. అర్ధగంట సాగే ఈ రచనలో ఒకే స్వరసముదాయం మళ్లీ మళ్లీ వస్తుంది. ఓపిక లేనివారికి ఇది విసుగు పుట్టిస్తుందనడంలో సందేహం లేదు. వారిని తప్పుపట్టనూ లేము. మూడో పార్శ్వంలోని ‘హ్హాయ్’లో వాన్డర్ తానే గొంతు విప్పుతాడు. అది శిక్షణతో నునుపుదేలిన కంఠం కాదు. కీచుమనే చోట కీచుమంటుంది, వణికే చోట వణుకుతుంది. అంత భయంకరమైన కల్పన చేసినవాడు ఇంత నిస్సహాయంగా పాడతాడని ఎవరూ ఊహించరు.

నాలుగో పార్శ్వం ‘మెకానిక్ జాయిన్’. బూరలు లేని లోటును వయొలిన్ తీర్చవలసినది ఇక్కడే. ఆ వయొలిన్ పట్టినవాడు దిదియే లాక్‌వుడ్. కలే పట్టణంలో 1956లో పుట్టి, అక్కడి సంగీత విద్యాలయంలో శాస్త్రీయంగా నేర్చినవాడు. కోల్ట్రేన్ పోయిననాడు వాన్డర్ వయసెంతో, ఆ జూన్ రాత్రులలో లాక్‌వుడ్ వయసూ అంతే. బేస్, డ్రమ్స్ కలిసి ఒక చిన్న ఆవృత్తాన్ని విడువకుండా వాయిస్తుంటాయి. దానిపై వయొలిన్ తొందరపడక మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. వెనుక వాన్డర్ డ్రమ్స్ ఉరుముతుంటే, కుర్రవాడు బెదరడు, పెద్దవాడు తగ్గడు. వ్రాసిన స్వరం ఎక్కడ ముగిసిందో, మనోధర్మం ఎక్కడ మొదలయిందో పోల్చుకోవడం కష్టం. స్టూడియోలో బూరలు ఇచ్చిన గాంభీర్యం ఇక్కడ లేదు. అయితే స్టూడియోలో లేని తెగింపు ఉన్నది. సంపుటి అంతటిలో దీనికి సాటి రాగల ఘట్టం మరొకటి లేదు.

లాక్‌వుడ్ తరువాత మాగ్మాను విడిచి జాజ్ వయొలిన్ విద్వాంసుడుగా ప్రపంచఖ్యాతి గడించాడు. 2001లో పారిస్ సమీపంలోని దామారీ లే లీస్‌లో సంగీత పాఠశాలను నెలకొల్పి, 2018 ఫిబ్రవరిలో అరవైరెండేళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ పాఠశాలలో విద్యార్థులకు నేర్పిన విద్యలలో మనోధర్మ వాదనకు అతడు పెద్దపీట వేశాడు.