గోదావరి అవతలి ప్రభుత్వం

ఎమ్మెల్యే ఏం వెలగబెట్టాడని లెక్క తీసేటప్పుడు, అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాడు కూడా ముందు రోడ్డు వేశాడా లేదా అనే చూస్తాడు. ఈ రోడ్డు లెక్క వింటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రజాప్రతినిధి పని ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోదు. అమెరికాలో ఇండియానా నుంచి రిచర్డ్ లూగర్ 1977 నుంచి 2013 దాకా సెనేటర్‌గా ఉన్నారు. రెండు విడతలు విదేశీ సంబంధాల కమిటీకి అధ్యక్షులు. 1991లో తోటి సెనేటర్ శామ్ నన్‌తో కలిసి తెచ్చిన చట్టం పుణ్యమా అని పాత సోవియట్ దేశాల్లో వేల అణు వార్‌హెడ్లు నిర్వీర్యమయ్యాయి. 2006లో మనతో పౌర అణు ఒప్పందానికి సెనేట్ 85–12 ఓట్లతో దారి ఇచ్చినప్పుడు ఆ కుర్చీలో ఉన్నదీ ఆయనే. మొక్కజొన్న పండించే రాష్ట్రానికి ఇదంతా ఎందుకంటారా? సరే, అక్కడ అది కాస్త దూరపు సంగతే అనుకుందాం. సిరోంచకు మాత్రం కాదు.

సిరోంచ మహారాష్ట్రది, బజారులో మాట తెలుగుది, ఎదురుగా నది దాటితే తెలంగాణ. గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ 85 గేట్లలో చివరివి ఆనేది సిరోంచ తాలూకా పోచంపల్లి ఒడ్డునే. 2016 ఆగస్టు 23న ముంబైలో ఇద్దరు ముఖ్యమంత్రుల సమక్షంలో నీటిమట్టం 100 మీటర్లని ఒప్పందమైంది. గేట్లు దించేది, ఎత్తేది తెలంగాణ. బ్యాక్‌వాటర్ ఎగదన్నేది ఇవతలి పత్తి, మిరప చేలలోకి. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగాక నీళ్లు వదిలేశారు. మళ్లీ ఎప్పుడు నింపాలో తేల్చేవాళ్లెవరూ సిరోంచ ఉన్న అహేరి నియోజకవర్గం ఓటు అడిగేవాళ్లు కారు. రోడ్డు వేయించిన ఎమ్మెల్యే ఈ నీటిని ఏం చేయగలడు?

ఒప్పందాలు ముఖ్యమంత్రుల పని, ఎమ్మెల్యేది కాదు అనొచ్చు. అమెరికాలో సంధికి సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, మనకు ఆ కట్టడి లేదు, నిజమే. అంతమాత్రాన శాసనసభలో ప్రశ్న వేయొద్దని, అవతలి ఒడ్డు ఎమ్మెల్యేతో కూర్చోవద్దని ఎవరూ అనలేదు. లూగర్ 2012లో సొంత పార్టీ ప్రైమరీలోనే చిత్తుగా ఓడిపోలేదా అంటారు. ఓడారు. ఇండియానాలో సొంతిల్లు కూడా లేదన్న నింద అందులో గట్టిగానే పనిచేసింది. కానీ అదే మనిషి మీద 2006లో డెమోక్రాట్లు అభ్యర్థినే నిలపలేదు. ఓటరుకు పరాయి దేశపు వ్యవహారం గిట్టదంటే ఆరుసార్లు ఎలా గెలిచారు? పైగా లూగర్ వ్యవసాయ కమిటీని కూడా నడిపారు. ఊరి పని, బయటి పని ఒకదానికొకటి అడ్డేమీ కాదు.

అహేరి ఓటర్లూ, రోడ్డు సంగతి తప్పకుండా అడగండి. దాంతోపాటు 2016 ఒప్పందం చదివాడా లేదా అని కూడా మీ అభ్యర్థిని నిలదీయండి.