ఫోమ్ గ్రిప్పుల తంటా

ఆదివారం పొద్దున్నే బండి హ్యాండిల్‌కి ఫోమ్ గ్రిప్ కవర్లు వేద్దామని కూర్చున్నా. ఎడమ వైపుది సగం ఎక్కి మొరాయించింది. రబ్బరు మీద ఫోమ్, పొడిగా ఉంటే జారదు కదా! సబ్బునీళ్లు రాస్తే సర్రున ఎక్కింది గానీ, ఆరేదాకా చేతిలో గిర్రున తిరుగుతూనే ఉంది.

కుడి వైపుతోనే అసలు భయం. కవరు అంచు స్విచ్‌ల డబ్బాకి ఒరుసుకుని, యాక్సిలరేటర్ వదిలినా వెనక్కి రాలేదు. ఇంజిన్ ఆపి ఉంది కాబట్టి సరిపోయింది! బ్లేడుతో అర సెంటీమీటరు కోశాక టప్పున వెనక్కొచ్చింది. హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి మరీ చూసుకున్నా.

మా ఆవిడ నొక్కి చూసి, "గిన్నెలు తోమే స్పాంజిలా ఉందేంటండీ" అంది. నవ్వేశా. నిన్న సాయంత్రం వానలో, గట్టిగా పట్టుకున్నప్పుడల్లా మోచేతి దాకా నీళ్లు.