విభక్తులు ఎవరివి?

నిర్మించిన భాషలంటే మన పండితులకు చిన్నచూపు. అయితే వాటిలో ఒక నిజాయితీ ఉంది. జామెన్‌హాఫ్ 1887లో వార్సాలో ఎస్పెరాంటోను వెలువరించినప్పుడు, అది మనిషి కూర్చిన భాష అన్న సంగతి దాచలేదు. అందులో నామానికి విభక్తి రూపాలు రెండే. కుక్క ‘హుండో’, అదే కర్మ అయితే చివర ‘న్’ చేరి ‘హుండోన్’. తక్కిన సంబంధాలను నామానికి ముందు వచ్చే చిన్న మాటలు తెలుపుతాయి.

మనం బడిలో చెప్పే విభక్తుల పట్టిక కూడా చాలావరకు కూర్చినదే. దాని చట్రం సంస్కృతానిది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తెలుగు ప్రత్యయాలను ఆ చట్రంలో సర్దింది. ఫలితం చూడండి: పొద్దున లేచింది మొదలు జనం నోట ఆడే ‘కు’, ‘లో’ రెండూ షష్ఠిలో చేరాయి. చతుర్థికి ‘కొరకు’, ‘కై’ మిగిలాయి; సప్తమికి ‘అందు’, ‘న’. కూలికి పోయిన మనిషి ‘చేనియందు’ పని చేయడు, చేన్ల చేస్తాడు.

నల్లగొండ పక్కన పానగల్‌లో ఉదయసముద్రం ఉంది, కందూరు చోడుల నాటి చెరువు. ఆ ఊరి పిల్లవాడొకడు ‘చెరువుల నీళ్లున్నయి’ అని రాస్తే, దిద్దినవారు మార్కు కోయడం నేను చూశాను. ‘ల’ బహువచనమట, ‘లో’ రాయాలట! ఆ వాక్యం విన్న ఊరివారెవరికీ ఎన్ని చెరువులన్న సందేహం రాదు. ‘ఊర్ల’, ‘ఇంట్ల’, ‘చేన్ల’ — అంతటా ఒకే సూత్రం.

అంతేకాదు. ఆ పిల్లవాడే ‘కుక్కను కొట్టిండు’ అంటాడు, ‘పుస్తకం చదివిండు’ అంటాడు. పుస్తకం మనిషిని చదవదు గనుక అక్కడ ‘ను’ అక్కరలేదు. ఎస్పెరాంటో అక్కడా ‘న్’ పెట్టి తీరాలంటుంది. ఈ పొదుపు ఏ పండితుడూ నేర్పింది కాదు.

గిడుగు రామమూర్తి పోరాటం గ్రాంథికాన్ని కదిలించింది. దాని స్థానంలో కొన్ని జిల్లాల శిష్టుల పలుకును నిలబెట్టి, తెలంగాణ పిల్లల పలుకును తప్పుల పట్టికలో వేయడం ఆ పోరాటానికి న్యాయం చేయడం కాదు. రాతకు కట్టుబాటు ఉండాలి, ఒప్పుకుంటాను. అయితే సౌకర్యం కోసం మనం చేసుకున్న ఏర్పాటును కొందరికి పుట్టుకతో వచ్చిన గొప్పతనంగా చూపడం పెత్తందారీ పద్ధతి. కాబట్టి ఉపాధ్యాయ మిత్రులు విభక్తి పాఠాన్ని ‘ఊర్ల’తోనే మొదలుపెట్టాలి. ‘ఊరిలో’ ఆ తర్వాత ఎలాగూ వస్తుంది.