ఏ పనికి ఏ కుక్క?

పిల్లలూ! హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున మాదాపూరు ఉన్నది. ఒకప్పుడు అక్కడ ఎటు చూసినా పెద్ద పెద్ద బండరాళ్ళే. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి వాజపేయిగారు అక్కడ సైబర్ టవర్స్ అనే భవనాన్ని ప్రారంభించారు. ఆ తరువాత చుట్టూ అద్దాల మేడలు లేచి, ఆ ప్రాంతం హైటెక్ సిటీ అయింది.

ఇవాళ మనం ఆ వీధుల్లో కాస్త తిరిగి వద్దాం. చూపులేని ఒక మనిషి, ఆయనకు దారి చూపే ఒక కుక్క మన ముందు నడుస్తున్నారనుకోండి. ఆ కుక్కకు ఏమేమి ఎదురవుతాయో చూడండి!

ఒక పక్క హారన్ల మోత. నెత్తిమీద మెట్రో రైలు దడదడ. కాలిబాట మీద మిర్చి బజ్జీల బండి, కమ్మని వాసన. అంతలో మోటారు సైకిలు ఒకటి కాలిబాట మీదికే ఎక్కింది. సందు చివర వీధికుక్కలు మొరుగుతున్నాయి. మన కుక్క బెదరకూడదు, బజ్జీల వైపు పోకూడదు, తిరిగి మొరగకూడదు. అన్నిటికన్నా కష్టమైనది మరొకటి ఉన్నది. ఎదురుగా కారు వస్తున్నప్పుడు యజమాని "పద" అన్నా సరే, కదలకుండా నిలబడాలి! యజమాని ప్రాణం ఆ క్షణాన దాని చేతిలోనే ఉంటుంది.

ఇంతటి పనికి ఏ జాతి కుక్క తగును?

1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ పట్టణంలో, యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం ఇలాంటి కుక్కలకు బడి పెట్టారు. అప్పట్లో జర్మన్ షెపర్డు కుక్కలే ఎక్కువ. ఈ కాలంలో లాబ్రడార్‌దే పైచెయ్యి. దాని పూర్వీకులు న్యూఫౌండ్‌లాండు దీవిలో జాలరుల వలలు, చేపలు నీళ్ళలోనుంచి తెచ్చి ఇచ్చేవి. అందుకే మనిషితో కలిసి పనిచేయటమంటే దానికి ఇష్టం. పైగా తిండిపోతు, చిన్న ముక్క పెడితే చాలు, పాఠం నేర్చుకుంటుంది!

హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి మీదుగా గండిపేట చెరువు అవతలికి పోతే మొయినాబాదు వస్తుంది. అక్కడి పోలీసు అకాడమీలో జాగిలాలకు శిక్షణ ఇస్తారు. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలుంటే, కుక్క ముక్కులో 20 కోట్లకు పైగా ఉంటాయి. మందుపాతర వాసన పట్టటానికి నిదానమైన లాబ్రడార్ మంచిది. ఇరుకు చోట్లలో దూరటానికి చిన్నదైన కాకర్ స్పానియల్ నయం. దొంగను తరిమి పట్టటానికి చురుకైన బెల్జియన్ మాలినాయ్ కావాలి. పనిని బట్టి కుక్క!

ఊరిని బట్టి కూడా చూడాలి సుమా. కుక్క మనలాగా ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడదు. నాలుక చాచి రొప్పుతుంది. చప్పిడి ముక్కు పగ్ కుక్క సరిగా రొప్పలేదు. ఒత్తు బొచ్చుగల హస్కీ మే నెల ఎండకు తాళలేదు. తారురోడ్డు మీద మీ చేతి వెనక భాగం ఆనించండి. 7 సెకన్లు ఉంచలేకపోతే, కుక్క పాదాలకు కూడా అది కాలుతుందన్నమాట.

మరి మన ఊరకుక్క పనికిరాదా? దానికి తెలివి తక్కువేమీ లేదు. ఎండను చక్కగా ఓర్చుకుంటుంది. అయితే దాని తల్లి, తండ్రి గుణం ఎటువంటిదో మనకు తెలియదు. జాతి కుక్కలో అది కొంత తెలుస్తుంది. కాని ఆ తెలిసింది కూడా అంచనా మాత్రమే. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో ఒకటి ధైర్యశాలి, ఒకటి పిరికిది కావచ్చు. అందుకని పక్కన ఒక పళ్ళెం ధన్‌మని పడేసి చూస్తారు. ఉలిక్కిపడినా ఫరవాలేదు, మళ్ళీ వచ్చి ఆ పళ్ళాన్ని వాసన చూసే పిల్లే పనికివస్తుంది. జాతిని చూసి వెతకాలి, గుణం చూసి ఎంచాలి.

వీపుకు పట్టీ, పిడి కట్టుకుని మనిషిని నడిపించే కుక్క మీకెక్కడైనా కనిపిస్తే పిలవకండి, నిమరకండి, బిస్కట్టు వేయకండి. అది మీ వైపు తల తిప్పిన ఆ ఒక్క క్షణం, దాని వెనక నడిచే మనిషికి దారి చూపేవారు ఉండరు.