నెల్లూరు డాక్టరు, మా చెల్క చీమ

"చీమల్ని లెక్కబెడితే ఎవడన్న జీతమిస్తడా బిడ్డా?"

నాయిన అడిగిన ఈ ప్రశ్నకు నా దగ్గర నేటికీ సరైన జవాబు లేదు. షాద్‌నగర్ దగ్గర మాకు నాలుగెకరాల చెల్క ఉంది. డిగ్రీ కాగానే బి.ఎడ్. చేసి పంతులునైతే చాలునని ఆయన ఆశ. నేనేమో పునాస జొన్న విత్తిన మర్నాడు, చాళ్ళలోంచి గింజలు మోసుకుపోతున్న ఎర్రచీమలను సీసాలో పట్టి కాలేజీకి తెచ్చాను. పడితే పట్టాను గాని, రెండు రోజులు చెయ్యి భగ్గున మండింది.

మైక్రోస్కోపు కింద చూస్తే నడుముకు రెండు కణుపులు, మీసానికి పది ఖండాలు. కొన్నింటికి ఒంటికి మించిన తల, నడినెత్తిన చీలిక. గింజలు నలగగొట్టేవి ఈ పెద్దతలకాయలే. మా లెక్చరర్ గారు చూసి, "సొలెనాప్సిస్ జెమినాటా. ఇది మన దేశపు చీమ కాదయ్యా!" అన్నారు. పుట్టినప్పటి నుంచీ నన్ను కుడుతున్న చీమ పరాయిదంటే నమ్మబుద్ధి కాలేదు.

దీని పుట్టిల్లు అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు. 16వ శతాబ్దంలో అకపుల్కో నుంచి మనీలాకు వెండి మోసిన స్పానిష్ ఓడలెక్కి ఆసియాకు వచ్చిందని 2015లో జన్యుపరిశోధకులు తేల్చారు.

మన దక్షిణాదిలో దీన్ని కాగితం మీద పెట్టినవాడు థామస్ జెర్డన్. 1836లో మద్రాసు చేరిన కంపెనీ డాక్టరు. తర్వాత నెల్లూరులో సివిల్ సర్జన్. వృత్తి వైద్యం, మనసంతా పిట్టల మీద, పురుగుల మీద. కలివికోడిని లోకానికి చూపినవాడూ ఆయనే. 1851లో దక్షిణ భారతపు చీమల జాబితా అచ్చు వేయించాడు. అందులో 'అట్టా రూఫా' అన్నది మా చెల్క చీమే. కొత్తదనుకున్నాడు పాపం, 1804లోనే ఫాబ్రిషియస్ దానికి నామకరణం చేసేశాడు. అదే జాబితాలో 'ఫార్మికా లాంగిపెస్' అని పొడుగుకాళ్ళ పసుపుచీమ మరొకటి. ఆ పేరూ నిలవలేదు, అప్పటికే వేరే చీమకు ఉంది గనుక. 1857లో స్మిత్ పెట్టిన 'గ్రాసిలిపెస్' స్థిరపడింది.

ఈ పసుపుచీమ సంగతి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ ద్వీపంలో కోటికి పైగా ఎర్రపీతలను చంపిందని అంచనా. కుట్టదు, ఫార్మిక్ ఆమ్లం చిమ్మి గుడ్డివాటిని చేస్తుంది. డెన్నిస్ ఓడౌడ్, పీటర్ గ్రీన్ అనే శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి ఆ అడవుల్లో తిరిగారు. చెట్లనంటిన లక్కజాతి పురుగు విసర్జించే తీపిరసం చీమల మందకు బలమని గ్రహించారు. 2016లో ఆ పురుగుకు శత్రువైన చిట్టి కందిరీగను మలేసియా నుంచి తెచ్చి వదిలారు. శత్రువును కొట్టకుండా వాడి గాదె మీద పడటమన్నమాట! మా ఊరి దాయాదులకు ఈ విద్య ఎప్పుడో తెలుసు.

ఇదంతా మొన్న ఇంటికి పోయినప్పుడు నాయినకు చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, గట్టు కేసి చూసి, "ఎన్కట ఈ చీమ ఇంత లేకుండె. బోరేసినంక, తడి ఉన్నకాడ పెరిగింది" అన్నాడు.

"ఏ సంవత్సరం నాయినా?"

వేళ్ళు ముడిచి లెక్కబెట్టాడు. "మీ అక్క పెండ్లయిన మరుసటేడు."

రికార్డు బుక్కు తీసి 2014 అని రాసుకున్నాను.