నాన్న గదిలో చల్లటి రేడియేటర్

గత చలికాలం నాన్న తెనాలి నుంచి లీడ్స్ వచ్చి రెండు నెలలు మా దగ్గరున్నారు. ఇంట్లో కూడా స్వెట్టర్ మీద శాలువా కప్పుకునే తిరిగేవారు. "చలిగా ఉందా నాన్నా?" అంటే, "అబ్బే, వయసు మీద పడిందిగా, అంతేలే" అనేవారు. నేనూ నమ్మేశాను.

ఆయన వెళ్లాక గది సర్దుతూ రేడియేటర్ మీద చెయ్యి పెట్టాను. పైన చుర్రుమంది. కింద మాత్రం మంచినీళ్ల కుండలా చల్లగా ఉంది. రెండు నెలలు నాన్న సగం పనిచేసే రేడియేటర్ పక్కన పడుకున్నారన్నమాట! ఒక్క మాట అనలేదు.

ఇక్కడి ఇళ్లల్లో బాయిలర్‌లో కాగిన నీళ్లు పైపుల్లోంచి ప్రతి గదికీ వెళ్లి, వేడి ఇచ్చి మళ్లీ బాయిలర్‌కే వస్తాయి. ఏళ్ల తరబడి అవే నీళ్లు తిరుగుతుంటాయి. లోపలి ఉక్కు మెల్లగా తుప్పు పట్టి, నల్లటి మడ్డిలా అడుగున పేరుకుంటుంది. అందులో ఎక్కువ భాగం మాగ్నటైట్ అనే ఐరన్ ఆక్సైడ్. అయస్కాంతం పెడితే అంటుకుంటుంది. గుర్తు తేలికే: రేడియేటర్ పైన చల్లగా ఉంటే గాలి చేరినట్టు, కింద చల్లగా ఉంటే మడ్డి చేరినట్టు.

వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. రైసు మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. "ఇదేముందమ్మాయ్, మన కాలవ పూడికేగా!" అని నవ్వారు. తెనాలి ఊళ్లోంచి మూడు కాలవలు పారతాయి. ఎండాకాలం కాలవలు కట్టేశాక పూడిక తీస్తారు. తియ్యకపోతే నీళ్లు వదిలినా చివరి పొలానికి అందవు. మా ఇంట్లో ఆ చివరి పొలం నాన్న గదే.

శనివారం పొద్దున హీటింగ్ ఆపేసి, నీళ్లు చల్లారేదాకా ఆగాం. రెండు పక్కలా వాల్వులు మూశాను. "లాక్‌షీల్డ్ వాల్వు ఎన్ని చుట్లు తిప్పావో రాసుకో, మళ్లీ అన్నే తెరవాలి" అని నాన్న ఫోన్‌లోంచి. కింద ట్రే, పాత తువ్వాళ్లు పెట్టి నట్టు వదులు చేశాను. పైన గాలి స్క్రూ తిప్పగానే సిరాలాంటి నీళ్లు! ఖాళీ అయ్యాక మా ఆయనా నేనూ దాన్ని పెరట్లోకి మోసుకెళ్లి గొట్టంతో కడిగాం. "తేట నీళ్లు వచ్చేదాకా ఆపకండి" అన్నారు నాన్న.

మళ్లీ బిగించి, తుప్పు పట్టకుండా ఇన్‌హిబిటర్ పోసి, గాలి తీసేసి, ఒత్తిడి 1 నుంచి 1.5 బార్ మధ్యకి వచ్చేలా నీళ్లు నింపాం. బాయిలర్ మూత మాత్రం ముట్టుకోలేదు. గ్యాస్ పనైతే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్లతోనే చేయించాలి. అన్ని రేడియేటర్లూ ఇలాగే ఉంటే కూడా సొంత వైద్యం వద్దు, పని తెలిసినవాళ్లని పిలవండి.

సాయంత్రానికి కిందిదాకా వేడెక్కింది. అప్పుడడిగాను: "ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"పొద్దున లేస్తే నీ పరుగులు నీవి. మధ్యలో నా చలి కూడా ఎందుకనీ..."

మీ ఇంటికి పెద్దవాళ్లొస్తే "బాగుందా?" అని అడిగి ఊరుకోకండి. బాగుందనే అంటారు. వాళ్ల గదిలో రేడియేటరో, గీజరో, ఫ్యానో... ఒకసారి మీరే చూడండి.