ఈ ఏడు మేము విన్న అయిదు ధ్వనిముద్రికలు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసినదిగా సంపాదక మిత్రులు కోరినప్పుడు, ఎప్పటివలె ప్రబంధ కవుల మీద నాలుగు మాటలు వ్రాసి పంపుదామనుకొన్నాము. ముప్పది సంవత్సరాలు తెలుగు పాఠాలు చెప్పినవారికి అది సులభమైన పని. కాని ఈ సంవత్సరం మా జీవితంలో జరిగిన ముఖ్య విషయం ప్రబంధాలకు సంబంధించినది కాదు, పాటలకు సంబంధించినది. కనుక ఈ ఏడు మేము మిక్కిలి ప్రీతితో విన్న అయిదింటిని గురించి ముచ్చటిస్తాము. అందులో మూడు రాక్ సంగీతపు వాసన కలవని తెలిసి మా పూర్వ విద్యార్థులు నవ్వుకొంటే నవ్వుకొందురు గాక.

ముందుగా కారణం చెప్పవలసి ఉన్నది. గత వేసవిలో ఒకనాటి సాయంత్రం మా మనుమరాలు వచ్చి, “తాతయ్యా, చాప వేయనా?” అని అడిగినది. “ఏ పాప?” అన్నాము మేము. ఇంటిల్లిపాదీ నవ్వారు. మేమూ నవ్వాము. అటువంటి నవ్వులు వారంలో మూడు నాలుగు అయ్యేసరికి మా అబ్బాయి నవ్వడం మాని మమ్మల్ని కాకినాడ తీసుకొనిపోయాడు. అక్కడి చెవి వైద్యులు ఒక చిన్న గదిలో కూర్చుండబెట్టి, చెవులకు యంత్రం తగిలించి, సన్నని శబ్దాలు, బొంగురు శబ్దాలు వినిపించి, ఒక కాగితం మీద గీత గీశారు. ఆ గీత ఎడమవైపు చక్కగా నిలిచి, కుడివైపునకు వచ్చేసరికి ఏటిగట్టు కోసుకుపోయినట్లు కిందికి జారినది.

ఆయన ఓపికగా వివరించారు. లోపలి చెవి నత్తగుల్లవలె చుట్టుకొని ఉంటుందట. దానిలో సన్నని రోమకణాలు ఉంటాయట. ముఖద్వారం దగ్గరివి హెచ్చు శ్రుతి ధ్వనులను, లోపలి చివరివి తగ్గు శ్రుతి ధ్వనులను పట్టుకొంటాయట. పసితనంలో మనిషి చెవి సెకనుకు ఇరవై కంపనాల నుండి ఇరవై వేల కంపనాల వరకు వినగలదు. వయసు మీరేకొద్దీ, పెద్ద చప్పుళ్ళు విన్నకొద్దీ, ముఖద్వారం దగ్గరి కణాలు ముందుగా రాలిపోతాయి. రాలినవి మళ్ళీ మొలవవు. “అచ్చులు కింది శ్రుతిలో ఉంటాయి మాస్టారూ, అవి మీకు మిగులుతాయి. స, ష, చ, త వంటి హల్లుల్లో పై శ్రుతి ఎక్కువ. ముందు పోయేవి అవే” అన్నారు. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవారికి ఇట్టి తీర్పు రావడం విచిత్రమే కదా!

ఇంటికి వచ్చి రేడియో పెట్టుకొన్నాము. వాయులీనం తారస్థాయికి పోయేసరికి నడుమ నడుమ గండి పడినట్లుగా ఉన్నది. తంబురా శ్రుతిలోని మెరుపు పోయి మసక మిగిలినది. రేడియో కట్టివేసి, ఆరు నెలలు మళ్ళీ ముట్టలేదు.

సంక్రాంతికి హైదరాబాదు నుండి మా మేనల్లుడు వచ్చాడు. కనుమనాడు మమ్మల్ని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకొనిపోయాడు. ఏకాదశ రుద్రుల ప్రభలు కొబ్బరితోటల నడుమ నుండి, చేలకు అడ్డంపడి, కాలువలు దాటి ఒక్కచోటికి చేరే ఆ దృశ్యం చిన్ననాటి నుండి చూస్తున్నదే. ఆ దినం మాకు ప్రభల గంటలు వినరాలేదు. కాని డప్పు మాత్రం గుండెలలో మోగినది. ఆ మాట అనుకోకుండా పైకి అన్నాము. మేనల్లుడు ఆలోచించి, “మావయ్యగారండీ, మీకు కింది శ్రుతులు బాగానే వినబడుతున్నాయి కదండీ. అయితే మేము వినేవి మీరు వినాలండి. ఆయ్, నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను” అన్నాడు. ఆ రాత్రి మొదలైనది మా రెండవ సంగీతాభ్యాసం.

మొదటిది ‘కందిస’. ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ అనే బృందం 2000లో వెలువరించినది. గిటారు సుస్మిత్ సేన్, బేస్ గిటారు రాహుల్ రామ్, డ్రమ్ములు అమిత్ కిలం, గానమూ తబలా అషీం చక్రవర్తి. అషీం 2009లో కాలధర్మం చెందారు. బేస్ గిటారు అనే వాద్యం పాటకు పునాదివలె కింద ఉంటుంది. మామూలు శ్రోత దానిని గమనించడు. పై అంతస్తులు కూలిన మాకు పునాదే ఇల్లయినది. దీనిలో ‘మా రేవా’ అనే పాట నర్మదానదిని గూర్చిన జానపద గీతం. రాహుల్ రామ్ నర్మదా ఉద్యమంలో పనిచేసినవారు. నదికి ఇరువైపులా పుట్టి పెరిగిన మాకు నదిని తల్లీ అని పిలిచే పాట పరాయిది ఎట్లా అవుతుంది? భాష పూర్తిగా తెలియకపోయినా నీటి నడక తెలిసినది. ఒకే రాత్రి నాలుగుసార్లు విన్నాము.

ఇక్కడ ఒక మాట. ఈ పాటలను ‘ఇండీ’ అంటారని మేనల్లుడు చెప్పాడు. పెద్ద కంపెనీల ప్రమేయం లేకుండా, సినిమాను ఆశ్రయించకుండా, స్వతంత్రంగా చేసుకొనే సంగీతమని అర్థం. ఇంగ్లండులోని మాంచెస్టరులో 1977లో బజ్‌కాక్స్ అనే కుర్రవాళ్ళు స్నేహితుల వద్ద, ఇంటివారి వద్ద అప్పు చేసి, నాలుగు పాటల రికార్డును తామే అచ్చు వేసుకొన్నారట. ఆ దారి పట్టి ఎందరో నడిచారు. మన చిన్నతనంలో సినిమాలో లేని పాటలను ‘ప్రైవేటు పాటలు’ అనేవారము. ఘంటసాల వారి ‘పుష్పవిలాపం’ కోనసీమలో ఏ పెళ్ళిపందిట మోగలేదు? కంపెనీ పెద్దదే అయినా, ఆ పాటలు మాత్రం ఏ కథానాయకుని పెదవులనూ అరువు తెచ్చుకోకుండా జనంలో నిలిచినవి. కనుక మాట కొత్తది గాని మనసు పాతదే.

రెండవది ‘ఆజాదీ’. పాకిస్తాన్‌కు చెందిన జునూన్ బృందం 1997లో చేసినది. దీనిని మాకు పరిచయం చేసినవారు మా కళాశాల ఉర్దూ శాఖలో మాతో పనిచేసిన మిత్రులు. సూఫీ భావాన్ని ఎలక్ట్రిక్ గిటారుతో మేళవించిన పాటలు. ‘సయోనీ’ అన్న పాట ఆ రోజుల్లో సరిహద్దుకు ఇరువైపులా మోగినది. ‘ఖుదీ’ అన్నది ఇక్బాలు కవిత్వం ఆధారంగా కట్టినది. లయ అంతా వినవచ్చినది గాని మాటలు ఒక్కటీ చిక్కలేదు. సాహెబుగారు మరునాడు పాటలన్నిటినీ తెలుగు లిపిలో వ్రాసి, పక్కనే అర్థం వ్రాసి తెచ్చారు. కాగితం చూస్తూ విన్నాము. ఎక్కడ ‘స’ వస్తుందో కన్ను చెప్పగా చెవి ఒప్పుకొన్నది. “సాహెబుగారూ, మాకిప్పుడు స, శ, ష మూడూ ఒకటే అయినవి” అన్నాము. ఆయన నవ్వి, “అయితే మీకు ఉర్దూ సులువే మాస్టారండీ. మాకూ సే, సీన్, స్వాద్ అని మూడక్షరాలున్నాయి గాని పలికేది ఒక్కటే కదండీ” అన్నారు. పాతిక సంవత్సరాలు పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పాము; ఒకరి అక్షరాలు ఒకరము నేర్చుకొన్నది ఈ ఏడే.

మూడవది ఆల్బం కాదు, ఒక్క పాట. హైదరాబాదుకు చెందిన చౌరస్తా బృందం వారి ‘ఊరెళ్ళిపోతా మామా’. పట్నం విడిచి పల్లెకు పోతాననే వాని పాట. మా మేనల్లుడు దానిని పెట్టి తల వంచుకొని కూర్చున్నాడు. ఎందుకురా అంటే ఏమీ లేదండి అన్నాడు. వాడు కొత్తపేట విడిచి ఏడేళ్ళయినది. మేము మరి ప్రశ్నించలేదు. ఇద్దరము మళ్ళీ ఒకసారి విన్నాము.

నాలుగవది మా సీమకే చెందినది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 1930 జూలై 6న రాజోలు తాలూకా శంకరగుప్తంలో జన్మించారు. వారి రామదాసు కీర్తనల రికార్డు మా ఇంట నలభై ఏళ్ళ నుండి ఉన్నది. ఈ వర్షాకాలంలో దానిని భయపడుతూ పెట్టుకొన్నాము. మంద్రస్థాయిలో ఆ కంఠం చెక్కు చెదరకుండా వినిపించినది. పైకి పోయినప్పుడు కొంత జ్ఞాపకంతో పూరించుకొన్నాము. డెబ్బది రెండు మేళకర్తలలోను కృతులు రచించిన ఆ మహావిద్వాంసుడు, రాగానికి అయిదు స్వరాలైనా ఉండాలన్న సంప్రదాయాన్ని కాదని నాలుగు స్వరాలతో మహతి, లవంగి రాగాలను, మూడింటితో సర్వశ్రీని కల్పించారు. దానిపై పెద్ద వాదమే జరిగినది. మేమూ ఆ రోజుల్లో మూడు స్వరాలతో రాగమేమిటని స్టాఫు రూములో ఆక్షేపించినవారమే. ఉన్న నాలుగు స్వరాలతోనే ఇల్లు నిలబెట్టవచ్చునని నేడు మా చెవి మాకు చెప్పినది. 2016 నవంబరు 22న ఆయన మరణించారు. మా ఆక్షేపణను వెనక్కు తీసుకొన్నామని చెప్పుకొనే అవకాశం లేకపోయినది. ఇక్కడ చెప్పుకొంటున్నాము.

అయిదవది షేక్ చినమౌలానా సాహెబు గారి నాగస్వరం. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టి, చిలకలూరిపేటలో ఆదం సాహెబు గారి వద్ద నేర్చి, పిమ్మట తంజావూరు బాణీ అభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుని సన్నిధిలో ఊదిన మహనీయుడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు పొంది, 1999లో పరమపదించారు. నాగస్వరానికి హల్లులు లేవు. మాట లేనిచోట మాట పోయినదన్న దిగులు లేదు. తోట అవతల పందిట్లో మోగినా ఇంట్లో వినబడే వాద్యం కనుక, మా చెవిని అది ప్రత్యేకంగా బతిమాలలేదు. వినికిడి యంత్రం అమర్చిన తరువాత మేము మొదట విన్నది ఇదే.

లెక్కలోకి రానిది ఆరవది ఒకటి ఉన్నది. మా ఇల్లాలు బాగా పాడేది. 1983లో అద్దె టేపు రికార్డరు తెచ్చి, వంటింటి గడపలో కూర్చుండబెట్టి ఆమె చేత మూడు పాటలు పాడించి పట్టుకొన్నాము. 1996 నవంబరు 6 నాటి తుపానులో పెంకులు ఎగిరిపోయి పెట్టెలన్నీ తడిసినప్పుడు ఆ క్యాసెట్టునూ తడి అంటినది. ఆరబెట్టి దాచినది ఆమెయే. ఆమె పోయి ఆరు సంవత్సరాలు. ఈ ఏడు దానిని పెట్టుకొంటే రాగం ఉన్నది, మాట లేదు. అచ్చులే పాడుతున్నట్లు ఉన్నది. క్యాసెట్టు పాడయినదా, మేము పాడయినామా తెలియలేదు.

మేనల్లుడు దానిని కంప్యూటరులోకి ఎక్కించి, గర తగ్గించి, పై శ్రుతులను పెంచి పంపాడు. యంత్రం చెవిన పెట్టుకొని విన్నాము. రెండవ పాట నడుమ ఆమె ఆగి, “స్టవ్వు మీద పాలున్నాయండీ” అంటుంది. ఇన్నేళ్ళు విన్నాము గాని ఆ మాట దగ్గర ఎన్నడూ ఆగలేదు. పాటకు అడ్డమని ముందుకు తిప్పేవారము. ఈసారి ‘స’ వినబడినది. ఆ ఒక్క మాటనే వెనుకకు తిప్పి తిప్పి విన్నాము.

విద్యార్థి మిత్రులారా, ఉపదేశం మాకు వృత్తి కనుక ఒకటి చెప్పి విరమిస్తాము. పెద్దవారు ఎనభై డెసిబెళ్ళ ధ్వనిని వారానికి నలభై గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ధ్వని పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తరుగుతాయి. చెవిలో దూర్చుకొనే ఆ చిన్న గొట్టాలను కొంచెం తగ్గించి పెట్టుకోండి. పెళ్ళి ఊరేగింపులో పెద్దపెట్టెలకు నాలుగడుగుల దూరం జరగండి. మాకు పోయినవి తిరిగి రావు. మీవి ఇంకా మీ వద్దనే ఉన్నవి.

ప్రతి ఆదివారం సాయంత్రం అమలాపురంలో మా ఇంటి అరుగు మీద సాహెబుగారు, మేము కూర్చుంటున్నాము. మీకు నచ్చిన పాట తీసుకొని రండి. మాటలు ఒక కాగితం మీద వ్రాసి తెస్తే మరీ మంచిది. తెలుగు లిపిలోనైనా సరే, ఉర్దూ లిపిలోనైనా సరే. రెండూ చదువగలము.